భూరా తిన్న దిష్టి ముద్ద

టాటానగర్ పక్కనున్న ఈ పర్సుడీహ్‌కి వచ్చిన దగ్గర్నుంచీ మా బిందుప్రియకి ఆయాసమే. కిటికీ తెరిస్తే దుమ్ము, మూస్తే ఉక్క. పిల్ల ఛాతీలో పిల్లికూతలు వినిపించినప్పుడల్లా లేచి వీపు రాసేదాన్ని. సగం రోజులు బడి మానేసి మంచం మీదే కూర్చునేది. అలాంటి పిల్ల ఒక వీధికుక్కని ఇంట్లోకి తెచ్చి, భూరా అని పేరు పెట్టింది.

"దాని బొచ్చంతా పిల్ల గుండెల్లోకి పోతాది. ఎప్పుడో కరిసీసిందంటే ఏటి సేత్తారు?" అని మా ఆయన జగ్గారావుతో రోజూ గొడవ పడేదాన్ని.

ఆయన టాటానగర్ స్టేషన్లో డ్యూటీ దిగి వచ్చి, బూట్లు విప్పుకుంటూ నవ్వేవారు. "దానికి సూదులేయించీసినాను కదే. నీకూ ఏయించీమంటావేటి?"

కుక్కని పంపేయమని పిల్లల డాక్టరు చేతనే చెప్పిద్దామని వెళ్లాను. ఆయన పరీక్ష చేయించి, కుక్క బొచ్చు ఈ పిల్లకి పడనిదేమీ కాదన్నాడు. కుక్కలతో పెరిగితే పిల్లల ఒంటికి మేలే జరగొచ్చని కూడా అన్నాడు. బయట ఆడనివ్వమన్నాడు, పీల్చే మందు మాత్రం మానొద్దన్నాడు. నాకు నమ్మకం కుదరలేదు. ఏదైనా అయితే ఆయన వచ్చి చూస్తాడా?

ఆ ఆదివారం పసుపు, కుంకుమ కలిపిన అన్నం ముద్ద బిందు చుట్టూ తిప్పి, మూడు దారులు కలిసే చోట పెట్టి వెనక్కి చూడకుండా వచ్చేశాను. మా వాళ్ల పద్ధతి అది. ముద్దని ఏ జీవి తింటే, పిల్ల మీది పీడ ఆ జీవికి పోతుందంటారు. గుమ్మంలో కాళ్లు కడుక్కుంటుంటే భూరా నా వెనకే వచ్చింది. మూతి నిండా పసుపు.

తర్వాత పిల్ల తేరుకుంది. పొద్దున్నా సాయంత్రం భూరాతో మైదానంలో పరుగులే. ఆకలని అడిగి మరీ తినేది. పిల్లికూతలు తగ్గాయి. కుక్క వల్లేనని అందరూ అన్నారు. నేనూ కాదనలేదు. పిల్ల మీదిదంతా అది తినేసింది మరి.

ఈ వానల్లో భూరా దగ్గడం మొదలుపెట్టింది. పశువుల డాక్టరు ఛాతీలో నెమ్ము చేరిందని సూది వేశాడు, చూద్దామన్నాడు. అన్నం ముట్టడం లేదు. బిందు పరుగులు మాని భూరా పక్కనే కూర్చుంటోంది.

"మమ్మీ, భూరా ఠీక్ హో జాయేగా నా?"

"తగ్గిపోతాదమ్మా," అన్నాను. నా చెవి మాత్రం పిల్ల ఛాతీ మీదే ఉంది. భూరా పోతే, అది తిన్న పీడ మళ్లీ ఎవరిని వెతుక్కుంటూ వస్తుంది?

నిన్న సాయంత్రం మళ్లీ ముద్ద కలిపి, ఈసారి భూరా చుట్టూ తిప్పాను. మా ఆయన చూశారు.

"కుక్కకి దిష్టేటే, పిచ్చిదానా!" అన్నారు గానీ, నవ్వలేదు.

ముసురులో మూడు దారుల దగ్గరికి వెళ్లి వంగానో లేదో, తోకాడిస్తూ ఒక నల్ల కుక్క వచ్చింది. దాని మెడలో ఎర్ర రిబ్బను. బడిపిల్లల జడకి కట్టే రిబ్బను. ఎవరో పిల్ల ముచ్చటపడి కట్టి ఉంటుంది. చేయి తెరవలేకపోయాను. అదిలించినా అది కదల్లేదు, ముద్ద వంకే చూస్తోంది.

ముద్ద గుప్పిట్లోనే పెట్టుకుని వెనక్కి వచ్చేశాను. దిష్టి తీసింది మళ్లీ గడప దాటించకూడదు. గుమ్మం బయట తడుస్తూ నిలబడ్డాను. లోపల దగ్గు వినిపించింది. భూరాదో, బిందుదో తెలియలేదు.