కడిగిన క్లోవర్

తొంభై ఆరు చలికాలంలో మా కఫీల్, అంటే మాకు వీసా ఇచ్చిన అరబ్బు యజమాని, కర్జకాన్ ఊళ్లోని తన తోటలో ఎర్ర క్లోవర్ విత్తనాలు చల్లించాడు. ఆ ఉప్పు నేలలో పశువుల మేతకని దాన్ని పసిపిల్లలా సాకింది నేను. దాని పద్ధతి ఒక్కటే. కోసి నీడన వాడబెట్టాలి, ఆవుకి ముందు ఎండుగడ్డి వేసి, తర్వాతే ఇది కొంచెం వెయ్యాలి. తడిగా కడుపునిండా తింటే ఉబ్బి చస్తుంది.

ఆయనింట్లో వంటచేసే నరసాయమ్మక్కకి ఇదంతా ఏం తెలుసు? కోనసీమ మనిషి. శుక్రవారం, పైగా తొలికోత. నేను మోటారు దగ్గర ఉండగా గడ్డిని శుభ్రంగా కడిగి, పసుపు కుంకుమ చల్లి, పరగడుపున ఉన్న ఆవు ముందు గంపెడు పోసింది.

కఫీల్ జుమ్మా నమాజుకి వెళ్లాడో లేదో, ఆవు ఎడమ డొక్క డప్పులా ఉబ్బింది. నాలుక బయటపెట్టి రొప్పుతోంది.

"ఏం జేసినవక్కా? గడ్డి కడుగుతరా ఎవలన్న?"

"గోమాతకి కడక్కుండా ఎలా పెడతాం లింబాద్రీ?" అంటూ ఏడుపు మొదలెట్టింది.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆవు నోట్లో అడ్డంగా కర్ర కట్టాను, నూనె తాగించాను, నడిపించాను. తేనుపు రాలేదు. పశువుల డాక్టరుకి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. ఆవు ముందుకాళ్ల మీద కూలబడింది.

ఇక డొక్కలో కత్తి దించి గాలి వదలాలి. ఊళ్లో మా పెదనాన్న చేస్తుంటే చూశానంతే. ఊరుకుంటే ఆవు చస్తుంది, మేపినందుకు అక్కని పనిలోంచి తీసేసి మన దేశానికి పంపేస్తారు. నేను పొడిచాక చస్తే నన్ను పంపేస్తారు. నిజంగా భయమేసింది.

"కత్తి తే!" అన్నాను.

తెచ్చింది. పక్కటెముకల వెనక చెయ్యి పెట్టి చూసుకుని, కళ్లు మూసుకోకుండా పొడిచాను. పులిసిన గడ్డి కంపుతో గాలి బుస్సున తన్నుకొచ్చింది. డొక్క మెల్లగా దిగింది. కాసేపటికి ఆవు లేచి నిలబడింది.

అప్పుడే గేటు చప్పుడైంది. నా చేతిలో నెత్తుటి కత్తి చూసి కఫీల్ అక్కడే ఆగిపోయాడు.

"ఖలాస్?"

"లేదు బాబా, బతికింది."

ఆయన ఆవు డొక్క నిమిరి చూసి, "ఎవరు మేపారు?" అన్నాడు.

"నేనే" అన్నాను.

నరసాయమ్మక్క కన్నీళ్లు తుడుచుకుని ముందుకొచ్చింది. వచ్చీరాని అరబ్బీలో, "కాదు బాబా, నేను" అంది.

పొద్దుట్నుంచీ ఆమె మీద కోపంగానే ఉన్నాను గానీ, అప్పుడొచ్చినంత కోపం నా జన్మలో రాలేదు.

"నోరు మూస్కో అక్కా, నీ కాల్మొక్త!" అని అరిచాను.