పరదేశి చొక్కా

యుద్ధం నడుస్తున్న రోజులవి. రాయపూర్‌లో బియ్యానికి కార్డు, కిరసనాయిలుకి కార్డు, గుడ్డకి కార్డు. గోల్‌బజార్ కొట్లలో కప్పుదాకా పేర్చి ఉండే తెల్లతానులు ఏమైపోయాయో ఏమో, గల్లాపెట్టె ముందు కూర్చున్న షావుకారు పంచె తప్ప తెల్లటిదన్నది కంటికి కనిపించేది కాదు. ఆయనా అది ఎవరైనా లాక్కుపోతారేమో అన్నట్టు కాళ్ళ కింద దోపుకుని కూర్చునేవాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే చర్చి లైను పిల్లలకి తెల్లచొక్కాలు కావలసి వచ్చాయి.

చర్చి లైను అంటే రైలు పట్టాలకి అవతల, చిన్న ప్రార్థనగుడి చుట్టూ ఉన్న నాలుగు వరసల పెంకుటిళ్ళు. శ్రీకాకుళం, బొబ్బిలి వైపు నుంచి రైల్వే పనికి వచ్చిన కిరస్తానీ కుటుంబాలు అక్కడ ఉండేవి. మగవాళ్ళు ఖలాసీలు, గ్యాంగు కూలీలు. వాళ్ళ పాత ఖాకీ నిక్కర్లే పిల్లలకి చొక్కాలయ్యేవి. కిందటేడు వానాకాలం బడి తెరిచిన రోజున పెద్ద గురూజీ గేటు దగ్గరే బెత్తం అడ్డంపెట్టి, చర్చి లైను పిల్లల్ని ఒక్కొక్కర్నీ చూసి వెనక్కి పంపేశాడు. తెల్లచొక్కా లేనివాడు బడిలో కూర్చోకూడదట. "మీ మిషన్ వాళ్ళని అడుక్కోండి" అన్నాడట. మిషన్ దొరగారు యుద్ధం మొదలవగానే ఓడెక్కి పోయాడు, ఎవర్నడగాలి? పిల్లలు ఏడాది పొడుగునా ఇంజన్ల షెడ్డు వెనక బూడిదగుట్టల్లో కాలీకాలని బొగ్గులు ఏరుకున్నారు. బడికి పోయే కాళ్ళు బొగ్గుకి అలవాటుపడిపోయాయి.

అది అన్నమ్మ కడుపులో నిప్పులా ఉండిపోయింది. ఆ లైనులో అందరికంటే పెద్దది ఆమె. అక్షరం ముక్క రాదు గానీ, ఎవరి పెళ్ళిలో ఎవరు అలిగారో, ఏ వరదకి ఏ గోడ పడిందో నోటిమీదే ఉండేది. ఈ ఏడు ఆమె మనవడు పరదేశి కొత్తగా బడిలో చేరాలి. వాడు కూడా గేటు దాకా వెళ్ళి తిరిగొచ్చాడంటే ఇక ఆ లైనులో ఎవరూ పిల్లల్ని బడికి పంపరని ఆమెకి తెలుసు.

అందుకని సంఘపెద్ద భీమారావుని రాషను ఆఫీసుకి తోలింది. ఆయన వాడిపోయిన ముఖంతో తిరిగొచ్చాడు.

"ఏటి భీమారావూ, గుడ్డ దొరికిందా?"

"లేదత్తా. తెల్లగుడ్డ లేదనేసినాడు ఆపీసు బాబు. ఇంట్లో ఎవులైనా సచ్చిపోతే మటుకు చీటీ రాసిత్తాడంట. మట్టి సేసీడానికి ఇత్తారు గానీ బడికెల్లడానికి ఇవ్వరంట."

అన్నమ్మ నోట్లో చుట్ట తీసి పక్కన పెట్టింది.

"అంటే ఈ గుంటలకి సొక్కాలు కావాలంటే మాలాటి ముసిలోలం సావాలన్నమాట."

"అలగంటావేటత్తా!"

"ఎందుకు సావాల? సచ్చినాక కప్పుకునే గుడ్డ పెట్టెలో పెట్టుకునే కూకున్నాం కదా!"

ఆ మాట నోట్లోంచి వచ్చాక ఆమే ఉలిక్కిపడింది. భీమారావు అయితే నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు.

సంగతేమిటంటే, ఆ లైనులో ముసలివాళ్ళు ఒక వయసు రాగానే ఒక తెల్ల లాంగ్‌క్లాతు ముక్క కొనుక్కుని, వేపాకు మడతల్లో వేసి, ట్రంకుపెట్టె అడుగున దాచుకునేవారు. దాన్ని మట్టిగుడ్డ అనేవారు. శవపెట్టెలో పడుకోబెట్టిన రోజున బిడ్డలు అప్పుకి పరుగెత్తకూడదని, పేదగా బతికినా తెల్లగా పోవాలని. యుద్ధానికి ముందు మంచి గుడ్డ చవగ్గా దొరికిన రోజుల్లో కొనుక్కున్నారు కాబట్టి, రాయపూర్ బజారులో లేని గుడ్డ ఆ ముసలమ్మల పెట్టెల్లో ఉంది.

మర్నాడే అన్నమ్మ ఇల్లిల్లూ తిరిగింది. ముందుగా బంగారమ్మ దగ్గరకి వెళ్ళింది. ఇద్దరూ ఒకే రైల్లో ఈ ఊరొచ్చినవాళ్ళు. విషయం వినగానే బంగారమ్మ పెట్టె మీద ఎక్కి కూర్చుంది.

"నానివ్వనప్పా! నన్నేటి, గోనెసంచిలో సుట్టి పారేత్తారా?"

"సుట్టనీవే. పరలోకం గుమ్మం కాడ గోనెసంచి సూసి ఎనక్కి తోలేత్తారనుకున్నావా? అదేటి, మన గురూజీ బడా?"

బంగారమ్మకి నవ్వాగలేదు. నవ్వుతూ నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది. పెట్టె దిగింది.

"నీ నోరు పడిపోనూ! తీసుకుపో. ఒక్క పీలిక ఉంచు, ముక్కు తుడుసుకుంతాను."

బంగారమ్మ ఇచ్చాక మిగిలినవాళ్ళు కాదనలేకపోయారు. ఒకామె గొణిగింది, ఒకామె గుడ్డని ముద్దుపెట్టుకుని ఇచ్చింది. ప్రార్థనగుడి అరుగు మీద చేత్తో తిప్పే కుట్టుమిషను పెట్టారు. ఎదిగే పిల్లలు కదా అని మడతలు లోపలికి ఎక్కువ వదిలి కుట్టారు.

అంతా బాగానే ఉంది గానీ, అసలు చిక్కు అన్నమ్మ ఇంట్లోనే వచ్చింది.

"అందరి పిల్లలకీ కుట్టత్తా," అంది కోడలు గంగాభవాని. "నా గుంటడికి మటుకు వద్దు."

ఆమె భయం ఆమెది. పరదేశికి ముందు పుట్టిన ఇద్దరూ పురిట్లోనే పోయారు. మూడోవాడు పుట్టగానే వాణ్ణి బంగారమ్మకి చేటెడు తవుడుకి అమ్మేసి, మళ్ళీ కొనుక్కుని, మనవాడు కాదు పరాయివాడు అని చావుని నమ్మించేలా పరదేశి అని పిలిచారు. సంఘంలో తెలిసి పాస్టరుగారు కేకలేశారు కూడా. అయినా గంగాభవాని ఆనాటి నుంచీ వాణ్ణి కొంగు చాటునే పెంచింది.

"ఆ రోజు తవుడుకి అమ్మించింది నువ్వే కదా?" అంది కోడలు. "పేరెట్టింది నువ్వే. సావుకి కనబడకుండా దాసమన్నావు. ఇప్పుడు నువ్వే దాని గుడ్డ తెచ్చి ఆడికి తొడుగుతానంటావేటి?"

"దాని గుడ్డెందుకయింది? నా గుడ్డ. నాను కొనుక్కున్నాను."

"ఎందుకు కొనుక్కున్నావో సెప్పు మరి!"

అన్నమ్మ చేతిలో కత్తెర కింద పెట్టింది. కొడుకు సూరిబాబు లైను మీద పనికి పోయాడు, సర్దిచెప్పడానికి ఇంట్లో ఇంకెవరూ లేరు. పరదేశి తల్లి ఒప్పుకోకుండా ఆ గుడ్డకి కత్తెర పెట్టడానికి ఆమెకి మనసొప్పలేదు. మడిచి మళ్ళీ పెట్టెలో పెట్టేసింది. బంగారమ్మ ఊరుకుంటుందా? నీళ్ళ పంపు దగ్గర అందరూ వింటుండగా అనేసింది.

"మాయన్నీ కత్తిరించీసి నీది దాసుకున్నావేటప్పా? నువ్వొక్కర్తివీ దొరసానిలాగ పోతావా?"

ఆ మాట తగిలిన చోట బాగా తగిలింది. అయినా అన్నమ్మ కోడలి పేరు ఎత్తలేదు. "అవునే, పోతాను. సూడ్డానికి నువ్వుంటావులే!" అని బిందె ఎత్తుకుని వచ్చేసింది.

బడి తెరిచే ముందు ఆదివారం ఆ సంఘంలో పిల్లల్ని ముందు నిలబెట్టడం ఆనవాయితీ. ఒక్కొక్కరూ ఏ క్లాసులోకి వెళ్తున్నారో గట్టిగా చెప్పాలి, పెద్దలంతా చేతులు చాచి వాళ్ళ కోసం ప్రార్థించాలి. ఆ రోజు వాన పెంకుల మీద దబదబా కొడుతోంది. లోపల మాత్రం తెల్లారినట్టు ఉంది. అన్ని తెల్లచొక్కాలు ఒక్కచోట చూసి ఎన్నాళ్ళయిందో! తల్లులు పమిటచెంగులు కొరుక్కుంటున్నారు. "నాను దూసరీ!" అని రెండో క్లాసువాడు ఒకడు, "నాను తీసరీ!" అని మూడో క్లాసుకెళ్ళే ఇంకొకతె, వానని మించి అరుస్తున్నారు.

ఆ చివర పరదేశి నిలబడ్డాడు. తండ్రి ఖాకీ నిక్కరుని తిరగేసి కుట్టిన చొక్కా, మోకాళ్ళు దాటి.

"నువ్వేటిరా?" అన్నాడు భీమారావు.

వాడు మిగతావాళ్ళకంటే గట్టిగానే అరిచాడు.

"నాను బొగ్గులకి!"

జనం గొల్లుమన్నారు. వాడూ నవ్వాడు, మంచి జవాబే చెప్పాననుకుని. అన్నమ్మ నవ్వలేదు. పక్కకి తిరిగి చూస్తే గంగాభవాని లేదు. వానలోనే లేచి వెళ్ళిపోయింది.

అన్నమ్మ ఇంటికొచ్చేసరికి కోడలు ట్రంకుపెట్టె తెరిచి, అడుగు నుంచి మట్టిగుడ్డ తీసి, వేపాకు దులుపుతోంది. దులిపి, ఆ గుడ్డని తన నెత్తి మీంచి కప్పుకుంది. గుమ్మంలోకి వెళ్ళి, వానకేసి చూస్తూ నిలబడింది.

"నాను కప్పుకున్నాను," అంది, అక్కడెవరో ఉన్నట్టు. "ఏటైనా ఉంటే నన్నడుగు. ఆడి జోలికి రాకు. ఆడు బడికెల్తాడు."

అన్నమ్మ దేవుడితో పోట్లాడిన ఆడవాళ్ళని చాలామందిని చూసింది గానీ, చావుతో గుమ్మంలో నిలబడి బేరమాడిన మనిషిని చూడలేదు. కాసేపటికి గంగాభవాని గుడ్డ తీసి నేల మీద పరిచింది.

"కత్తిరేదత్తా? నానే కోత్తాను."

బడి తెరిచే రోజు అత్తాకోడళ్ళు ఇద్దరూ పిల్లల్ని వెంటబెట్టుకుని పట్టాలు దాటారు. గేటు దగ్గర గురూజీ, బెత్తం. ఒక చొక్కా అంచు పట్టుకుని వేళ్ళతో నలిపి చూశాడు.

"అరే, ఇత్‌నా బఢియా లట్ఠా! కహాఁ సే మిలా? చోరీ కా హై క్యా?" అన్నాడు, ఇంత మంచి గుడ్డ దొంగతనంగా తెచ్చిందేమోనని.

"చోరీ కా నహీఁ, గురూజీ," అంది అన్నమ్మ. "మేం బుడ్ఢీ లోగ్ మర్నే కే లియే రఖే థే." చచ్చాక కప్పుకోవడానికి దాచుకున్నదని చేత్తో కూడా చూపించింది.

ఆయన ముట్టుకున్న వేళ్ళని ధోవతికి తుడుచుకున్నాడు.

"కఫన్! బచ్చోఁ కో కఫన్ పహనాయా? రామ్ రామ్!" పిల్లలకి శవం గుడ్డ తొడుగుతారా అని ముఖం చిట్లించాడు.

బెత్తం మళ్ళీ అడ్డం లేవబోయింది. పరాయి మగవాడితో ఎన్నడూ మాట్లాడి ఎరగని గంగాభవాని, అత్తని తోసుకుని ముందుకొచ్చింది.

"సఫేద్ హై నా? ఫటా హై క్యా? మీరే బోలా, సఫేద్ చాహియే అని. ఎక్కడి సఫేదో బోలా క్యా?" తెల్లటిది కావాలన్నారు గానీ ఎక్కడి తెలుపో చెప్పారా అని నిలదీసింది.

వెనక నిలబడ్డ వేరే పిల్లల తండ్రులు ఇద్దరు ముగ్గురు ఫక్కున నవ్వారు. గురూజీ చొక్కాల వరస మొత్తం చూశాడు. తప్పు పట్టడానికి ఒక్క చిరుగూ లేదు, ఒక్క మరకా లేదు. బెత్తం దించాడు.

"జావో, అందర్ జావో." పిల్లలు పోతుంటే అన్నమ్మ వైపు తిరిగాడు. "ఔర్ తుమ్, బుఢియా? తుమ్ మరోగీ తబ్?" అన్నాడు, నువ్వు చచ్చిననాడు ఏం కప్పుతారని.

"హమ్‌కో జల్దీ నహీఁ, గురూజీ," అంది అన్నమ్మ, తనకేం తొందర లేదు, ముందు వీళ్ళని చదువుకోనివ్వమని. "పహలే యే లోగ్ పఢ్‌నే దో."

సాయంత్రం దాకా గంగాభవాని గుమ్మం వదల్లేదు. వాన వెలిసింది. పట్టాల అవతల నుంచి పిల్లల గుంపు కేకలు పెడుతూ వచ్చింది. అందరికంటే వెనక పరదేశి. ఎక్కడ జారాడో, ఎవరితో దొర్లాడో, మెడ నుంచి అంచు దాకా బురదే. తెలుపన్నది కాలరు కింద ఇంత మిగిలింది.

"ఓలమ్మో, నా కొంప!" అని గంగాభవాని చెయ్యెత్తింది.

అన్నమ్మ ఆ చెయ్యి పట్టుకుంది. ఆమెకి నవ్వు ఆగడం లేదు.

"ఆగవే! మట్టిలోకి పోవలసిన గుడ్డే కదే అది. పోయింది. పోయి, మన గుంటణ్ణి ఏసుకుని ఇంటికి తిరిగొచ్చింది సూడు!"

గంగాభవాని వాడి వైపు చూసింది. బురద ముఖంలో పళ్ళు తెల్లగా మెరుస్తున్నాయి. ఎత్తిన చేత్తోనే వాణ్ణి దగ్గరికి లాక్కుంది.

"ఇప్పరా ఎదవా," అంది. "తొరగా ఇప్పు. పొద్దుటికి ఆరాల. రేపూ బడుంది."