అన్ని పేర్లూ చీఫ్‌వే

కంపెనీలో ఉన్నది తనొక్కడే అయినా, అతన్ని అందరూ చీఫ్ అనాల్సిందే. మామగారి టైర్ల కొట్టు పైగదిలో ఆఫీసు. కింద టైర్లు దించినప్పుడల్లా పైన బల్ల అదిరేది. ఆస్పత్రుల్లో రోగులకు టోకెన్లిచ్చే సాఫ్ట్‌వేర్ ఒకటి చీఫ్ తయారు చేశాడు, అంటే తయారు చేయించాడు. దానికీ ‘చీఫ్’ అనే పేరు పెట్టుకున్నాడు. ఇప్పుడు పెద్ద కంపెనీ ఒకటి దాన్ని కొంటానంది. ఈ బేరం తప్పితే మెట్లు దిగి కొట్లో కూర్చోవాల్సిందేనని మామగారు తేల్చేశారు.

పనికింత అని మాట్లాడి రాయించింది ఒక బయటి ప్రోగ్రామర్ చేత. సగానికి పైగా ఇంటర్నెట్‌లో ఎవరెవరో రాసి అందరికీ వదిలిపెట్టిన కోడే. ఆ సంగతి అతను మొదట్లోనే చెప్పాడు. ఉచితమే గానీ షరతులున్నాయి, ఓసారి చదవండన్నాడు. ‘ఉచితం’ దగ్గరే చీఫ్ వినడం ఆపేశాడు.

బేరం దగ్గర పడ్డాక తొలిసారి కోడ్ తెరిచి చూస్తే, ప్రతి ఫైలు నెత్తినా ఊరూపేరూ తెలియని మనుషులు. చీఫ్‌కి ఒళ్లు మండింది. డబ్బు తనది, పేర్లు వాళ్లవా? కోడ్ రాయడం రాదు గానీ, ఒక మాట వెతికి ఆ చోట ఇంకో మాట పెట్టడం మాత్రం బాగా వచ్చు. రాసినవాళ్ల పేర్లూ, ఆ ఉచిత కోడ్‌కున్న పాత పేరూ ఏరి పారేసి, అన్నిచోట్లా ‘చీఫ్’ అని దింపేశాడు. ఆ ఊపులో షరతుల ఫైలునూ వదల్లేదు. మార్చాడే తప్ప చదవలేదు.

కొనే కంపెనీ తరఫున లాయరమ్మ వచ్చింది. మామగారు కూడా పైకొచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నారు. బయటివాళ్లతో రాయించారా, వాళ్లు ఎక్కడినుంచి తెచ్చారో అడిగారా అని ఆమె ఆరా తీసింది. ప్రతి అక్షరం తనదేనని చీఫ్ గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.

“అయితే మీ షరతులే చదువుతాను,” అందామె. “‘చీఫ్ రాసిన ఈ కోడ్‌ని ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. ప్రోగ్రామ్ తీసుకున్నవాళ్లు అడిగితే మొత్తం కోడ్ ఇచ్చి తీరాలి. రాసినవాళ్ల పేర్లు చెరపకూడదు.’ ఇదే ఇంటర్నెట్‌లో వేరే పేర్లతో ఉంది. మరి ఆ పేర్లు ఎవరు చెరిపారండీ?”

నెపం నెట్టేద్దామని చీఫ్ ప్రోగ్రామర్‌కి ఫోన్ కలిపి స్పీకర్లో పెట్టాడు. అతను తాపీగా, షరతుల మాట ముందే చెప్పాననీ, చెరిపిన పేర్లలో ఒకటి తనదేననీ, దాని సంగతి తర్వాత తేల్చుకుంటాననీ చెప్పి పెట్టేశాడు.

ఎవరి చేత రాయించుకున్నా, అమ్మేవాడే జవాబు చెప్పుకోవాలంది లాయరమ్మ. పేర్లన్నీ తిరిగి పెట్టి, అడిగిన ఆస్పత్రికల్లా కోడ్ ఇవ్వాలి. లేదా అదంతా పీకేసి మొదటినుంచీ రాయించుకోవాలి. తమ కంపెనీకి కావలసింది ఇంకెవరికీ దక్కని సరుకు కాబట్టి ఈ బేరం లేనట్టే. చీఫ్ కాళ్లావేళ్లా పడ్డా ఆమె సంచీ సర్దుకుంది.

“ఇంకేమైనా రాసుందా అమ్మా అందులో?” అన్నారు మామగారు.

“ఒక్క ముక్కండీ. ‘చీఫ్ ఉన్నది ఉన్నట్టుగానే ఇవ్వబడును. ఏ పనికైనా పనికొస్తుందన్న హామీ ఏదీ లేదు.’”

మామగారు ఆ ముక్క ఇంకోసారి చదివించుకున్నారు.

“ఇది పెళ్లికి ముందే చూపించుంటే సరిపోయేది కదా, అల్లుడుగారూ,” అంటూ లేచారు. “రేపు పొద్దున్నే వచ్చి కొట్టు తీయండి.”