ఎనిమిదో నంబరు

మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకొని విశాలాక్షి పొద్దుటి నుంచీ నేస్తూనే ఉంది. బయట బాపట్ల వీధుల్లో గాలి దుమ్ము రేపుతోంది. భర్త మార్కండేయ తెల్లవారకముందే చీరల మూటతో సముద్రపొడ్డున సూర్యలంక వెళ్లాడు. చేపలు పట్టే పల్లెవాళ్ల ఇళ్ల దగ్గర రెండు రోజులుండి అమ్ముకొని రావడం అతని అలవాటు.

పదకొండింటికి చేపల జకరయ్య ఖాళీ బుట్ట కట్టిన సైకిలుతో గుమ్మం ముందు ఆగాడు.

"చెల్లెమ్మా, సూర్యలంక పోతన్నా. రేవులో తుపాను గుర్తు పొద్దున మూడో నంబరంట, ఇప్పుడు ఎనిమిది చేశారని రేడియోలో చెప్పారు. బావని వచ్చెయ్యమననా?"

విశాలాక్షికి నంబరంటే నూలు నంబరే. ఇరవయ్యో నంబరు ముతక, నలభై కాస్త నయం, ఎనభై సన్నం, నూరో నంబరు ఊదితే ఎగిరిపోతుంది. నంబరు పెరిగేకొద్దీ పోగు సన్నబడుతుంది. మూడో నంబరైతే మోకంత లావుండాలి. ఎనిమిది అయిందంటే తుపాను సన్నబడినట్టే.

"ఇప్పుడే వద్దులే అన్నయ్యా. మూట ఖాళీ చేసుకునే రమ్మను."

"నీకు మొగుడి కంటే చీరలే ఎక్కువైనయ్యే!" అంటూ జకరయ్య తొక్కుకుంటూ పోయాడు.

కాసేపటికి కూతురు అంకమ్మ పలక పట్టుకొని ఏడుస్తూ వచ్చింది. గాలి ఎక్కువైందని బడి వదిలేశారట.

"ఏంటే, ఎందుకేడుస్తన్నావ్?"

"సార్ కొట్టారు. చిన్న అంకె నుంచి పెద్ద అంకె దాకా వరస పెట్టమన్నారు. నేను నూరు ముందు పెట్టి, తర్వాత ఎనభై, నలభై, ఇరవై పెట్టా."

"సరిగ్గానే పెట్టావుగా! నూరేగా అన్నిటికంటే సన్నం."

"నేనూ అదే అన్నా. నూలు సంగతి వేరు, లెక్క సంగతి వేరన్నారు. మగ్గం ఇళ్ల పిల్లలు ఏటా ఇదే తప్పు చేస్తారంట."

నలభై మంది కంటే నూరుమంది ఎక్కువని విశాలాక్షికి తెలియక కాదు. కానీ నంబరన్న మాట చెవినపడితే ఆమె కళ్ల ముందుకు పోగే వస్తుంది. చేతిలో పోగు నడిపే నాడె ఆగిపోయింది.

"మరి తుపాను నంబరు? అది నూలు లాంటిదా, లెక్క లాంటిదా?"

పిల్లకు తెలియలేదు. విశాలాక్షి దాని రెక్క పట్టుకొని బడికి పరుగెత్తింది. శంకరరావు సార్ తలుపుకి తాళం వేస్తున్నారు. ప్రశ్న విని ఆయన నవ్వలేదు.

"మూడు కంటే ఎనిమిది చాలా పెద్ద ప్రమాదమమ్మా. పది దాకా పెరగొచ్చు. ఏం, మీ ఆయన ఎక్కడున్నాడు?"

"సూర్యలంకలోనండి."

ఆయన తాళంచెవి జేబులో వేసుకొని అంకమ్మ చెయ్యి అందుకున్నారు. "పిల్ల మా ఇంట్లో ఉంటుంది. నువ్వెళ్లు."

ఊరు దాటేసరికి వాన మొదలైంది. సరుగుడు తోటలు నేలకు వంగి లేస్తున్నాయి. తన మొగుడూ మగ్గం మనిషే. ఎనిమిదని ఎవరైనా చెబితే అమ్మయ్య అనుకొని ఇంకో అరుగు మీద మూట విప్పుతాడు. పైగా ఉండమని తనే చెప్పి పంపింది. ఆ మాట ఈపాటికి చేరిపోయుంటుంది. విశాలాక్షి కొంగు నడుముకు దోపి పరుగు పెంచింది.

ఎదురుగా బండ్లు రాసాగాయి. పిల్లలు, కుండలు, తడిసిన వలలు. ఒకటి, రెండు, నాలుగు. వేటిలోనూ అతను లేడు. ఆరో బండి వెనక, మూట కోసం చెయ్యి చాచి నడుస్తూ వస్తున్నాడు మార్కండేయ. బండిలో ఆ మూట మీద రత్తాలనే పల్లెమనిషి కదలకుండా కూర్చుంది.

"నీ మొగుడేనా అమ్మా? రమ్మంటే రాడు. మూట లాక్కొచ్చి దీని మీద కూకున్నా. చీరల కోసమన్నా వస్తాడని!"

"చెబితే వినరే వీళ్లు!" అన్నాడు మార్కండేయ. "ఎనిమిదైందంటే తగ్గినట్టేగా!"

బండి పక్కన సైకిలు నెట్టుకుంటూ జకరయ్య వస్తున్నాడు. విశాలాక్షి అతని వైపు చూడలేక చూసింది.

"నీ కబురు చెప్పలేదులే చెల్లెమ్మా," అన్నాడు అతను మెల్లగా. "దోవలో గాలికి పడిపోయింది."

ఆమె భర్త చెయ్యి గట్టిగా పట్టుకుంది. "అది నూలు నంబరు కాదయ్యా. లెక్క నంబరు. ఎనిమిదే పెద్దది."

మార్కండేయ నవ్వబోయి ఆగాడు. వెనక్కి తిరిగి, తాను ఉండిపోదామనుకున్న వైపు చూశాడు. ఆకాశమూ సముద్రమూ ఒకే నలుపులో ఉన్నాయి. ఇద్దరూ బండి వెనక నడక హెచ్చించారు.