మగ్గం మీద తువ్వాల

బ్లాగుకు ఏ ప్లగిన్లు పెట్టాలో తేల్చుకోవడానికి శ్రీలత తన మామ భిక్షపతిని వెంటబెట్టుకుని హిబా దుకాణానికి వెళ్ళింది. పోచంపల్లి బస్టాండు పక్కన ఉన్న ఆ దుకాణంలో జిరాక్సు తీస్తారు, ఆన్‌లైన్ దరఖాస్తులు నింపుతారు. హిబా వెబ్‌సైట్ల పని నేర్చుకుంది. శ్రీలతకు బ్లాగు తెరిచి ఇచ్చింది ఆమే.

భిక్షపతి రాకపోయినా పని జరిగేది. కానీ బ్లాగులో పెట్టబోయేవి ఆయన నేసిన చీరల ఫోటోలు. తనకు తెలియకుండా ఒక్క ఫోటో కూడా బయటికి పోకూడదని ఆయన ఇంట్లోనే చెప్పాడు.

బ్లాగు పేరు 'రెండు దిక్కులు'. పేరు శ్రీలత పెట్టింది. పోచంపల్లి చీరకు పోగులను ముందే ముడులు కట్టి, రంగులో ముంచి, ఆ తర్వాత నేస్తారు. అందువల్ల బొమ్మ రెండు వైపులా ఒకేలా కనిపిస్తుంది. మిల్లు బట్ట మీద అదే బొమ్మ అచ్చేస్తే వెనకవైపు వెలిసినట్టు ఉంటుంది. అచ్చు బట్టను చేనేత అని అమ్మే దుకాణాలు పెరిగాయి. కొనేవాళ్ళకు ఆ తేడా చెప్పడానికే శ్రీలత బ్లాగు తెరిచింది.

"ముందుగాల ఒక్క మాట చెప్త అక్కా," అంది హిబా. "బ్లాగుకు రాత చూపెట్టుడు, ఫోటో చూపెట్టుడు వస్తది. మిగిలిన పనులకు ప్లగిన్ పెట్టాలె. ఫ్రీగ దొరుకుతున్నయి గదా అని అన్ని ఎక్కిస్తే సైటు కదలది. దేనికి పని ఉంటదో దాన్నే పెడదాం."

"పెడదాం. చెప్పు."

"గిది బ్యాకప్. ఎవడన్న సైటు ఖరాబు చేస్తే మల్ల నిలబెడ్తది. గిది వద్దంటే నేను మౌస్ ముట్ట."

"పెట్టు."

"గిది చెత్త కామెంట్లు ఆపేది."

"పెట్టు."

"గిది ఫోటోల సైజు తగ్గిస్తది. మన దిక్కు సిగ్నల్ సంగతి ఎరుకే గదా."

భిక్షపతి ముందుకు వంగాడు. "రంగు తగ్గుతదా?"

"తగ్గది చాచా. బరువే తగ్గుతది."

"రంగు ఎలిసిందనుకో, మనదే అచ్చుబట్ట అంటరు. జర సూసి పెట్టు బిడ్డా."

హిబా ఒక ఫోటో బరువు తగ్గించి, పాతదాని పక్కన పెట్టింది. భిక్షపతి కళ్ళద్దాలు తుడుచుకుని రెండూ చూసి తలూపాడు. చదివినవాళ్ళు శ్రీలతకు రాసి పంపడానికి ఒక ప్లగిన్ పెట్టారు. తర్వాతి దాన్ని నొక్కి హిబా నవ్వింది. తెర మీద మంచు రాలుతోంది.

"గిదేంది?"

"ఊకె, అందానికి చాచా."

"పోచంపల్లిల మంచు పడుడేంది? తీసెయ్. చూసినోళ్ళు మా ఇల్లు కురుస్తాందనుకుంటరు."

హిబా దాన్ని తీసేసింది. భిక్షపతి తనకు కావలసినది అప్పుడు అడిగాడు.

"మా ఇంట్ల ఎవరన్న గడప తొక్కిన్రంటే మగ్గం మీద తువ్వాల ఏస్త. మా నాయిన గూడ ఏసెటోడు. చీర కోసి మడత పెట్టెదాంక బొమ్మ ఎవ్వనికి చూపియ్యం. నీ కంప్యూటర్ల తువ్వాల ఉన్నదా, లేదా?"

ఉంది. అలాంటి ప్లగిన్ ఒకటి పెడితే పేజీలోని ఫోటోను దాచుకోవడానికి గాని, కాపీ చేయడానికి గాని, ప్రింటు తీయడానికి గాని వీలుండదు. హిబా దాన్ని పెట్టి, ఫోటో మీద రైట్ క్లిక్ నొక్కి చూపించింది. ఏమీ రాలేదు.

"గిది అసల్ ప్లగిన్," అన్నాడు భిక్షపతి. "మిగిలినయన్ని లేకున్నా నడుస్తుండె."

"స్క్రీన్‌షాట్ తీస్తే గిది ఆపది చాచా."

"తువ్వాల గూడ గాలికి లేస్తది. అట్లని ఎయ్యకుంట ఉంటమా?"

శ్రీలతకు కూడా ఆ మాట సబబుగా తోచింది. ఫోటోలకు వేసిన ఆ లాక్ ఉండనివ్వమంది.

మొదటి రాతకు ఆమె రెండు గుడ్డలు ఎంచుకుంది. ఒకటి హైదరాబాదులో చేనేత అని అమ్మిన అచ్చు చున్నీ. రెండోది భిక్షపతి నేసిన చిలకల చీర. ఆ చీరలో ఒకచోట అడ్డంగా నేసే పేక పోగు జరిగి, ఒక చిలక ముక్కు రెండుగా విరిగింది. అమ్మకానికి పెట్టకుండా ఇంట్లో ఉంచుకున్నారు. పాత బొమ్మే కనుక ఫోటో తీయడానికి ఆయన ఒప్పుకున్నాడు. శ్రీలత రెండింటినీ ముందు నుంచి, వెనక నుంచి ఫోటో తీసి పెట్టింది. కింద ఒకే మాట రాసింది: కొనే ముందు తిప్పి చూడండి.

వారం తిరగకముందే దయాకర్ సేటు ఇంటికి వచ్చాడు. ఆ ఇంటికి నూలు పోగులు ఇచ్చేది ఆయనే. నేసిన చీర తన దుకాణంలో అమ్మడానికి తీసుకునేదీ ఆయనే. భిక్షపతి భుజం మీది తువ్వాల తీసి మగ్గం మీద పరిచాడు.

"నా నూలే గదా భిక్షపతీ. నాకు గూడ దాస్తవా?"

"అలవాటు సేటు."

"నీ అలవాటు మంచిదే. నీ కోడలుకు గూడ నేర్పు. ఇంటర్నెట్ల ఏందో రాస్తాందట. దుకాన్లకు వచ్చినోళ్ళు చీర కొనుడు ఇడిచిపెట్టి ఎన్కకు తిప్పుతున్నరు."

శ్రీలత వంటింట్లోంచి వచ్చింది. "తిప్పితే తిప్పనియ్యి సేటు. మామ నేసింది రెండు దిక్కుల ఒక్కతీరే ఉంటది."

"నా దుకాన్ల మీ మామ నేసింది ఒక్కటే ఉంటదా? నాకు అన్ని బేరాలు నడవాలె తల్లీ. ఆ రాత తీసెయ్యి. ఉంచినవనుకో, నేను ఇయ్యాల నూలు కట్ట ఇచ్చి పోతున్న గదా, గిదే ఆఖరు."

పోగులు అమ్మేవాళ్ళు ఊళ్ళో ఇంకా ఉన్నారు. కానీ ఒక సేటు కాదన్న ఇంటికి ఇంకో సేటు ఇవ్వడు. వాళ్ళలో వాళ్ళకు ఆ మాట ఉంది. పోగులు ఆగితే మగ్గం ఆగుతుంది. శ్రీలత భర్త నాగేందర్ మగ్గం వదిలి చౌటుప్పల్లో కంపెనీ పనికి పోతున్నాడు. భిక్షపతికి ఇంకో పని రాదు.

సేటు వెళ్ళాక ఆయన మగ్గం గుంతలోకి దిగి కూర్చున్నాడు.

"తియ్యమని నేను అంటలేను," అన్నాడు. "ఉంచమని గూడ అంటలేను."

శ్రీలత తీయలేదు.

ఆ తర్వాత భిక్షపతి యాదగిరిగుట్టకు దర్శనానికి వెళ్ళాడు. మొక్కు తీర్చుకుని దిగి వస్తుంటే ఒక దుకాణం ముందు వేలాడదీసిన గుడ్డలు కనిపించాయి. వాటిలో ఒకదాని మీద చిలకలు ఉన్నాయి. ఆయన ఆగాడు. దగ్గరికి వెళ్ళి ఒక చిలకను చూశాడు, దాని పక్క చిలకను చూశాడు, పైవరుస చూశాడు. గుడ్డను తిప్పాడు. వెనకవైపు వెలిసి ఉంది.

"చేనేత తాతా, అసల్ పోచంపల్లి," అన్నాడు దుకాణదారు.

"అవునా? నేసినోడు ఎవడో?"

"వాళ్ళంత ఊర్ల ఉంటరు తాతా. మనకెట్ల తెలుస్తది?"

భిక్షపతి ఆ గుడ్డ కొన్నాడు. ఇంటికి వచ్చి దాన్ని చాప మీద పరిచి, పక్కన తన చీర పరిచి, కోడల్ని పిలిచాడు. చీరలో ఒక్క చిలక ముక్కే విరిగింది. గుడ్డ మీద అన్ని చిలకల ముక్కులూ అదేచోట విరిగి ఉన్నాయి. బ్లాగులో పెట్టిన ఫోటోలో ముక్కు విరిగిన చిలక ఒక్కటే నిండుగా కనిపించింది. అచ్చువేసినవాడు దాన్నే తీసుకుని గుడ్డంతా వేశాడు.

"సూడు," అన్నాడు భిక్షపతి. "నా తప్పును గూడ ఇడిచిపెట్టలే."

"గీ చీర ఫోటో బ్లాగుల తప్ప ఇంకేడ లేదు మామా."

"లాక్ ఏసినమంటివి గదా."

అదే వారం బ్లాగు ద్వారా శ్రీలతకు ఒక సందేశం వచ్చింది. రాసినది ప్రియాంక అనే టీచరు, మహబూబ్‌నగర్ నుంచి. తమ మహిళా సంఘంలో చూపిద్దామని పేజీని ప్రింటు తీశానని, తెల్ల కాగితం వచ్చిందని, మెషిన్ పాడైందనుకుని ఇంకోచోట తీయిస్తే అక్కడా తెల్ల కాగితమే వచ్చిందని రాసింది. 'చదివి ఊరుకోవడానికేనా మీరు రాసింది?' అని చివర అడిగింది.

శ్రీలత మళ్ళీ హిబా దుకాణానికి వెళ్ళింది. భిక్షపతి కూడా వచ్చాడు.

"లాక్ తీసెయ్ హిబా. దాని జాగల ప్రింటు తీసుకునే బటన్ పెట్టు. ఎవ్వరు నొక్కినా కాగితం రావాలె."

"నీకేమన్న పిచ్చా?" అన్నాడు భిక్షపతి. "దొంగలు పడ్డరని తలుపులు ఊడబీకుతవా?"

"తువ్వాల ఉన్నప్పుడే గదా పోయింది మామా. దొంగను ఆపలే. ఆ టీచరమ్మను ఆపింది. దొంగ స్క్రీన్‌షాట్ తీసుకున్నడు, బజార్ల పెట్టిండు. ఆమెకు తెల్ల కాగితం చేతికిచ్చినం."

"తీస్తే అందరు ఎత్తుకపోతరు."

"పోనియ్యి. ముందరి దిక్కే గదా ఎత్తుకపోయేది. ఎన్కదిక్కు ఎట్ల ఎత్తుకపోతరు?"

భిక్షపతి లేచి పక్కన హోటల్లో చాయ్ తాగడానికి వెళ్ళాడు. హిబా మౌస్ మీద చెయ్యి ఆపింది.

"చాచా ఒప్పుకోలే గదా అక్కా."

"చీర ఆయనది, బ్లాగు నాది. చీర ఫోటో తీసెయ్యమంటే ఇప్పుడే తీసేస్త. గా మాట ఆయన అనలే. నువ్వు లాక్ తియ్యి."

హిబా లాక్ తీసింది. ప్రింటు బటన్ పెట్టి, తన మెషిన్ మీదే ఒక కాగితం తీసి చూసింది. చిలకలు వచ్చాయి. శ్రీలత అక్కడే కూర్చుని రెండో రాత రాసింది. గుట్ట దగ్గర కొన్న గుడ్డ ఫోటో, దాని పక్కన తమ చీర ఫోటో పెట్టింది. పైన 'ఈ చిలక ముక్కు మా ఇంట్లో విరిగింది' అని శీర్షిక పెట్టింది. ఏ దుకాణం పేరూ రాయలేదు. చీర ఎవరు నేశారో రాసింది, ముక్కు ఎందుకు విరిగిందో రాసింది, అన్ని చిలకల ముక్కులూ ఒకేచోట విరగడం నేతలో జరగదని రాసింది.

ప్రియాంక ఈసారి ప్రింటు తీసి, సంఘంలో పంచింది. వాళ్ళలో ఒకామె నల్లగొండలో తన చెల్లెలికి ఇచ్చింది. ఆ కాగితం అలా బట్టల దుకాణాలకు చేరింది. కామెంట్లు కూడా వచ్చాయి. తిట్లు టైపు చేసినవాళ్ళు మనుషులే కనుక, యంత్రాలు పంపే చెత్తను ఆపే ప్లగిన్ వాటిని ఆపలేదు. శ్రీలత చూసి సరేనంటేనే అవి పేజీ మీదికి వస్తాయి. 'నేతోళ్ళకు రాతలెందుకు' అని ఒకరు రాశారు. తీసేద్దామా అని హిబా ఫోన్ చేసి అడిగింది. ఉంచమని శ్రీలత చెప్పింది. దాని కింద తన పేరుతో జవాబు పెట్టింది: 'మాకు రెండూ వచ్చు.'

దయాకర్ సేటు మళ్ళీ వచ్చాడు. చేతిలో మడిచిన కాగితం ఉంది. దాన్ని విప్పి భిక్షపతి ముందు పట్టాడు.

"గిది నా దుకాన్ల, నా ముందర, ఒక ఆడామె తీసి చదివింది. నేను చెప్పింది మీకు చెవుల పడలేదా?"

భిక్షపతి మగ్గం మీద ఉన్నాడు. సేటు గడప దాటగానే ఆయన చెయ్యి భుజం మీది తువ్వాల మీదికి వెళ్ళింది. అక్కడే ఆగింది. నేస్తున్న చీర మీదిది ఆయన కొత్తగా వేసుకున్న బొమ్మ. ఇంట్లోవాళ్ళు తప్ప ఎవరూ చూడలేదు.

"పడ్డది సేటు," అన్నాడు. "శ్రీలతా, ఆ నూలు కట్ట తెచ్చి సేటుకియ్యి."

శ్రీలత పోయినసారి ఇచ్చిన కట్టను తెచ్చి సేటు చేతికి ఇచ్చింది. దాన్ని ఇంకా విప్పలేదు.

"మగ్గం మీద ఉన్న పడుగు నూలు గూడ నీదే," అన్నాడు భిక్షపతి. "నేసి, కోసి, నీ చీర నీకు పంపుత. ఆ తర్వాత నీ ఫికర్ నీది, నా ఫికర్ నాది."

"ఎవడిస్తడు నీకు నూలు? నేను వద్దంటే గీ ఊర్ల ఎవడిస్తడు?"

"గది గూడ రాస్త సేటు," అంది శ్రీలత. "నూలు ఎవరు ఇయ్యొద్దన్నరు, ఎందుకు ఇయ్యొద్దన్నరు. మొన్నటి దాంక పేరు రాయలే. ఇప్పుడు రాస్త. ప్రింటు గూడ వస్తది."

సేటు భిక్షపతి వైపు చూశాడు. "నీ కోడలుకు నోరు ఎక్కువైంది."

"నా కోడలు నోరు గాదు సేటు, గది మా ఇంటి నోరు." భిక్షపతి తువ్వాలతో మొహం తుడుచుకుని, తిరిగి భుజం మీద వేసుకున్నాడు. మగ్గం మీద ఏమీ పరవలేదు. "అడుగుతుంటివి గదా, నీకు గూడ దాస్తనా అని. సూడు. కొత్త బొమ్మ. ఫోన్ తియ్యి, ఫోటో తీసుకో."

సేటు ఫోన్ తీయలేదు.

"తీసుకో సేటు. తీసుకుంటే ఎన్కదిక్కు గూడ తీసుకో."

దయాకర్ సేటు నూలు కట్ట చంకలో పెట్టుకుని గడప దాటాడు. కాగితం గుమ్మం దగ్గర పడింది. శ్రీలత దాన్ని తీసి, మడత సరిచేసి, కిటికీలో పెట్టింది. తర్వాత ఫోన్ తెచ్చి చీరను ముందు నుంచి ఫోటో తీసింది. నేల మీద వంగి, పడుగు కింద నుంచి వెనకవైపు తీసింది.

"చీర కోయలే ఇంకా," అంది. "పెట్టమంటవా మామా?"

"పెట్టు," అన్నాడు భిక్షపతి. కాలి కింది పలక తొక్కి పేక పోగు విసిరాడు. "బరువే తగ్గియ్యమను హిబాను. రంగు తగ్గిందంటే ఊకోను."