మిరప చేతులు

"జర్మనీలో ట్రైనింగ్ అయిన ఆయా మా ఇంట్లోనే ఉంటే ఇంకొకళ్లకి జీతమెందుకురా?" అని మా అన్నయ్య ఖాదర్ వలి ఫోన్లో ఎవరితోనో అంటూ నవ్వాడు. వాడు వాకిట్లో మంచం మీద పడుకుని ఉన్నాడు. నేను, అమ్మ, ఏడో నెల కడుపుతో ఉన్న అఫ్రోజ్ వదిన మిరపకాయల కుప్ప చుట్టూ కూర్చుని తొడిమలు తీస్తున్నాం.

జర్మనీలో నేను చేసిన పనిని ఓపేర్ అంటారు. అక్కడ ఒకరింట్లో ఉండి, వాళ్ల పిల్లలను చూసుకుంటూ భాష నేర్చుకోవాలి. నేనక్కడ ఉన్న ఏడాదీ ఊళ్లో ఎవరికీ ఆ సంగతి తెలియనివ్వలేదు వీళ్లు. చదువుకుంటోందని చెప్పుకున్నారు. "పరాయోళ్ల పిల్లలకి ముడ్డి కడుగుతోందని తెలిస్తే తలెత్తుకోలేం" అన్నది ఈ అన్నయ్యే. పరాయి పిల్లలకు కడిగితే పరువు పోతుంది, వాడి కొడుకుకు కడిగితే మాత్రం నా బాధ్యత. ఇదెక్కడి న్యాయమో నాకు అర్థం కాదు.

అక్కడే నర్సింగ్ కోర్సులో సీటు సంపాదించుకుని, చేరేముందు ఒకసారి అమ్మను చూసిపోదామని వచ్చాను. నిన్న అన్నం తింటూ అన్నయ్య తేల్చేశాడు. "ఆ టికెట్ క్యాన్సిల్ చేసుకో. మీ వదినకి కాన్పై, పిల్లలు కాస్త పెద్దయ్యాక చూద్దాం." ఆ 'చూద్దాం' ఎప్పటికి వస్తుందో నాకు తెలుసు. కోర్సు నా కోసం ఆగదు. అమ్మ వాడికి పెరుగు వడ్డిస్తూ, "ఇంటి మనిషివి, ఆ మాత్రం చెయ్యవా సిద్దికా?" అంది.

ఇంటి మనిషి! ఆ మాట జర్మనీలోనూ విన్నాను. అదనంగా పని చేయించుకోవాలనుకున్నప్పుడల్లా ఆ ఇంటావిడ కూడా నన్ను ఇంటి మనిషినే చేసేది. కానీ అక్కడ ఆదివారం నాది. "ఇవాళ ఆదివారం" అని చెబితే ఆవిడ మొహం ముడుచుకునేది, ఆవిడ భర్త లేచి పిల్లాణ్ని ఎత్తుకునేవాడు. ఇక్కడ ఏ వారం మాది? అమ్మ బతుకులో ఒక్క ఆదివారమైనా ఉందా? తలుచుకుంటే ఒళ్లు మండిపోతోంది. అమ్మ మీద కూడా కోపంగానే ఉంది.

లోపల రెండేళ్ల రహమాన్ నిద్రలేచి ఏడుపు మొదలుపెట్టాడు. లాగు ఖరాబు చేసుకున్నాడని వాసనే చెప్పింది.

"ఏయ్ సిద్దికా, చూడు!" అన్నాడు అన్నయ్య ఫోన్లోంచి తల ఎత్తకుండా.

నేను కదల్లేదు. పొద్దుటి నుంచి కాయలు పట్టిన చేతులు భగభగమంటున్నాయి. సబ్బుతో కడిగినా ఆ మంట అంత తొందరగా పోదు. ఆ చేతులతో పసివాడి ఒంటిని ముట్టుకుంటే ఏమవుతుందో మా ఊళ్లో ఎవరికీ చెప్పనక్కర్లేదు. అమ్మ అలవాటుగా లేవబోయింది. చెంగు పట్టుకుని కూర్చోబెట్టాను.

"మా ముగ్గురివీ మిరప చేతులు అన్నయ్యా. ఈ ఇంట్లో నీ చేతులే చల్లగా ఉన్నాయి."

"ఏం, జర్మనీ పోయొచ్చి పొగరెక్కిందా? మగాణ్ని, నేను కడగాలా?"

"నువ్వే కన్నావుగా!"

అమ్మ నోరు నొక్కుకుంది. పిల్లాడి ఏడుపు పెద్దదైంది. అన్నయ్య అమ్మ వంక చూశాడు, వదిన వంక చూశాడు. ఎవరూ లేవలేదు. చివరికి ఫోను మంచం మీద విసిరేసి లోపలికి వెళ్లి, కొడుకును చాచిన చేతులతో దూరంగా పట్టుకుని బయటికొచ్చాడు.

"నాకు రాదే ఇది" అన్నాడు. గొంతులో అధికారం పోయింది.

"తువ్వాలు తీగ మీద ఉందండీ" అంది వదిన, తల వంచుకుని తొడిమ తుంచుతూ.

నేను ఇంకో గుప్పెడు కాయలు ఒళ్లోకి లాక్కున్నాను.

"ముందు నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయో లేదో చూసుకో. వాణ్ని దగ్గరగా పట్టుకో, భయపడుతున్నాడు. ఇదే అన్నయ్యా, జర్మనీ ట్రైనింగ్. జీతం తీసుకోకుండా నేర్పుతున్నాను. శుక్రవారం నేను విమానం ఎక్కేలోపు నేర్చేసుకో."