చిట్టమ్మకి కొన్న చొక్కా

పొద్దున్నే మద్దిలపాలెంలో సిటీ బస్సెక్కి పోర్టు ఆఫీసుకి వెళ్ళడం కనకరత్నానికి అలవాటైపోయింది. బస్సు నిండా జనమే ఉండేవారు, అయినా ఎవరి లోకం వాళ్ళది. కిటికీ పక్కన కాలేజీ పిల్ల కుర్తా జేబులో చెయ్యి పెట్టుకుని తనలో తను నవ్వుకునేది. కండక్టరు టికెట్లు కొడుతూ కొడుతూ ఆగి, "ఒక్క నిమిషం ఉండండి, మా పాప పట్టుకుంది" అని కుడిచెయ్యి అలాగే గాల్లో ఉంచేసేవాడు. చిల్లర కోసం చెయ్యి చాచినవాళ్ళు కూడా ఆగేవారు. ఎక్కడో స్కూలు గేటు దగ్గర ఆ పాపకి బెరుకు తీరి చెయ్యి వదిలాక, మళ్ళీ టికెట్లు మొదలయ్యేవి.

చిలకమ్మగారి కుటుంబం కుట్టే బట్టలన్నిటికీ జేబులుంటాయి. ఎవరైనా కొని మనకిస్తే, ఆ జేబులో ఇచ్చినవాళ్ళ చెయ్యి తగుల్తుంది. వేళ్ళు, అరచెయ్యి, వెచ్చదనం, అన్నీ తెలుస్తాయి. ఇచ్చినవాళ్ళు ఎక్కడున్నా మన పట్టు వాళ్ళకీ తెలుస్తుంది. మనకి మనం కొనుక్కుంటే మాత్రం అది ఉత్త జేబు. రుమాలు పడుతుంది, అంతే. విశాఖపట్నంలో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు కాబట్టి దాన్ని గురించి మాట్లాడుకునేవాళ్ళూ లేరు. మాట్లాడుకునేదల్లా ఆ కుటుంబం గురించే. డెబ్బై దాటిన చిలకమ్మ, కూతురు దేవి, అల్లుడు వీర్రాజు, మనవడు చందు ఆదివారం సాయంత్రం బీచ్ రోడ్డు మీద ఒకే రంగు బట్టల్లో నడుస్తుంటే, సముద్రం వైపు తిరిగి కూర్చున్నవాళ్ళంతా రోడ్డు వైపు తిరిగేవారు. ఖద్దరు చీర మీద మగవాళ్ళ కోటు వేసి, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని చిలకమ్మ నడిచిన నడక ఆ రాత్రికల్లా ఊళ్ళో ప్రతి ఫోనులోనూ ఉండేది.

కనకరత్నానికీ ఒక కుర్తా ఉంది, నీలం రంగుది. భర్త ఉమాశంకర్ కొనిచ్చాడు. గోదావరి వైపు నుంచి పెళ్ళిచేసుకుని వచ్చినప్పుడు ఆమెకి ఈ ఊళ్ళో అతను తప్ప ఎవరూ తెలీదు. తరవాత కూడా పెద్దగా ఎవరూ తెలియలేదు, పిల్లలు కలగలేదు, అతనుంటే చాలనిపించేది. నాలుగేళ్ళ కిందట ఆసుపత్రి వరండాలో బెంచీ మీద ఆ కుర్తాతోనే కూర్చుని ఉండగా, జేబులో పట్టుకున్న చెయ్యి నెమ్మదిగా లేకుండా పోయింది. డాక్టరు బయటికొచ్చి నోరు విప్పేసరికే ఆమెకి తెలుసు. అతని ఉద్యోగం ఆమెకిచ్చారు. ఆ కుర్తాని ఇప్పటికీ ఉతికి, ఇస్త్రీ చేసి తొడుక్కుంటుంది. జేబులో బస్సు టికెట్లు వేసుకుంటుంది.

ఆఫీసులో ఆమెతో ఫైళ్ళ గురించి తప్ప ఎవరూ మాట్లాడరు. వాళ్ళ తప్పేమీ లేదు, ఆమే అలా అలవాటు చేసింది. వారం మొత్తానికి మాటలనేవి ఆదివారం పొద్దున్న వీధి మలుపులో చేపలమ్మే చిట్టమ్మతోనే. చిట్టమ్మది పెదజాలరిపేట. ఆమె మొగుడు ఎప్పుడో పోయాడు. కొడుకు నాగబాబు బోటు మీద వేటకెళ్తాడు. చీర మీద పాత మగచొక్కా తొడుక్కుని, తట్ట ముందు పెట్టుకుని, బేరం లేనప్పుడల్లా ఫోనులో చిలకమ్మగారి వీడియోలు చూస్తూ ఉంటుంది.

"ఏటమ్మా, మొన్నటిది సూసినావా? సిలకమ్మ ఆ ఎండిరంగు కోటేసుకుంటే అచ్చం సందువా సేపలాగ మెరిసిపోనాది."

"చూశాను. నీకూ బావుంటుంది చిట్టమ్మా అలాంటిది."

"నాకేటి బాగుంటాది, నెత్తి మీద తట్టెట్టుకుని. దాని మీద సేపనీల్లు కారితే సిలకమ్మ గుండాగి సచ్చిపోద్ది."

కనకరత్నం నవ్వేది. ఇంటికొచ్చి చేపలు కడుగుతూ ఆ మాట తలుచుకుని ఇంకోసారి నవ్వేది. ఆ తరవాత మళ్ళీ ఆదివారం దాకా నవ్వే పని ఉండేది కాదు.

దీపావళి ముందు దేవి ఒక వీడియో పెట్టింది. మా అభిమానులకి పండక్కి ఏమి కొనిస్తే మురిసిపోతారో చెప్తానంది. మీ అమ్మగారికి మెత్తటి శాలువా, రెండు పక్కలా జేబులు. మీ ఆయనకి జుబ్బా. హాస్టల్లో ఉన్న మీ పిల్లకి పరీక్షల కోసం ప్రత్యేకంగా ఎడమవైపు జేబు, ఎందుకంటే కుడిచేత్తో రాసుకోవాలి. మీ అత్తగారితో మాటలు లేవా, ఇదిగో ఈ చేతిసంచీ, దీనికీ జేబుంది, ముందు చెయ్యి కలవనివ్వండి, మాటలు తరవాత. కనకరత్నం చివరిదాకా చూసింది. అన్నీ మీ అమ్మ, మీ ఆయన, మీ పిల్ల. ఫోను బోర్లించి పడుకుంది.

పండగరోజు గుమ్మంలో దీపాలు పెట్టింది. మేడమీద ఇంటివాళ్ళ మతాబుల వెలుగు గోడ మీద పడుతుంటే చూస్తూ కూర్చుంది. రాజమండ్రి నుంచి తమ్ముడు గవర్రాజు ఫోన్ చేశాడు.

"ఒక్కదానివీ ఎన్నాళ్ళుంటావక్కా? సెలవు పెట్టి వచ్చెయ్యి. ఉద్యోగం సంగతి తరవాత చూద్దాం. మీ మరదలు కూడా స్కూలుకెళ్ళిపోతే ఇంట్లో ఓ మనిషి ఉన్నట్టుంటుంది."

ఓ మనిషి ఉన్నట్టుండడమంటే ఏమిటో ఆమెకి తెలుసు. వంటింటి పక్క గది, పిల్లల టిఫిను డబ్బాలు. అయినా కాదనడానికి ఆమె దగ్గర కారణమేదీ లేకపోయింది. సరేనంది. మర్నాడు ఆఫీసులో దీర్ఘసెలవుకి చెప్పింది. ఇంటి ఓనరు తవిటమ్మగారికి పోర్షన్ ఖాళీ చేస్తానంది. ఎవరూ ఎందుకని అడగలేదు.

ఊరు విడిచే ముందు ఒక్కసారి చిలకమ్మగారి కొట్టుకి వెళ్ళింది. పండగ అయిపోయినా రద్దీ తగ్గలేదు. దేవి ఎదురొచ్చి, "ఎవరికండీ?" అనడిగింది.

"చిట్టమ్మని ఉంది. మా వీధిలో చేపలమ్ముతుంది. మీరంటే చాలా ఇష్టం తనకి."

దేవి శాలువాలు తీసింది, చేతిసంచీలు తీసింది. కౌంటరు దగ్గర కూర్చున్న చిలకమ్మ నల్లకళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, అవన్నీ పక్కన పెట్టమంది.

"సీర మీద సొక్కా ఏసుకునే మనిషేనా?"

"అవునండి."

"అయితే సొక్కాయే ఇయ్యాల. జేబు పెద్దదుండాల, తడి సెయ్యి దూరాలి గదా." లేత ఆకుపచ్చ చొక్కా ఒకటి తీసి, జేబులో తన చెయ్యి పెట్టి లోతు చూసి ఇచ్చింది. "అమ్మా, ఒక మాట. ఇచ్చీసి మరిసిపోకు. ఆవిడ పట్టుకుంటే నువ్వు పలకాల."

వెళ్ళిపోతున్నానన్న సంగతి కనకరత్నం చెప్పలేకపోయింది.

ఆదివారం వీధి మలుపులో కనకరత్నం కవరు చాపితే, చిట్టమ్మ చేతులు రెండుసార్లు కడుక్కుని, చీరకొంగుకి తుడుచుకుని గానీ కవరు ముట్టుకోలేదు. "నాకా?" అంది. చొక్కాని చేతివెనకతో నిమిరింది. "సిలకమ్మ కొట్లోదే?" అని మళ్ళీ అడిగింది.

"తొడుక్కో చిట్టమ్మా."

"ఇప్పుడెందుకమ్మా, సేపలాసన ఒచ్చీత్తాది. పెట్లో దాసీత్తాను. నాగబాబు పెల్లికి ఏసుకుంటాను."

"నేను ఊరెళ్తున్నాను. మా తమ్ముడి దగ్గరికి."

"ఎప్పుడొత్తావు?"

"చూడాలి."

చిట్టమ్మ తట్ట మీదికి వంగింది. తూచిన చేపల్లో మరో రెండు పడేసి, కవరు మూతి ముడేసి ఇచ్చింది.

ఆ తరవాత రోజుల్లో కనకరత్నం సామాన్లు సర్దుతూ అప్పుడప్పుడు కుడిచెయ్యి పక్కన ఊరికే ఉంచి చూసుకునేది. ఏమీ తెలిసేది కాదు. చొక్కా పెట్టెలోనే ఉందన్నమాట. నన్ను పట్టుకోవలసిన అవసరం ఆమెకేముంటుందిలే అనుకుంది.

బయల్దేరే రోజుకి సముద్రంలో వాయుగుండం పట్టింది. ముందురోజు నుంచీ ముసురు. స్టేషన్లో రెండు సూటుకేసులతో బెంచీ మీద కూర్చుంది. మధ్యాహ్నం రైలు వస్తోందని మైకులో చెప్పారు. కూలీ ఒకతను సూటుకేసు ఎత్తాడు. అప్పుడు ఆమె కుడిచేతిని ఎవరో పట్టుకున్నారు.

నాలుగేళ్ళయింది ఆ చేతిని ఎవరైనా పట్టుకుని. గరుకు వేళ్ళు, ఉప్పునీళ్ళలో నానినట్టు చల్లగా ఉన్నాయి. అది పలకరించే పట్టు కాదు. మునిగిపోతున్నవాళ్ళు తాడు పట్టుకున్నట్టుంది. కనకరత్నం తన వేళ్ళు మెల్లగా మూసి తిరిగి నొక్కింది. అవతలి చెయ్యి ఒక్క క్షణం ఆగి, ఇంకా గట్టిగా పట్టుకుంది.

రైలొచ్చి ఆగింది. "ఎక్కీయండమ్మా, ఎక్కువసేపాగదు" అన్నాడు కూలీ.

"చెయ్యి పట్టుకున్నారు" అంది కనకరత్నం.

అతను ఆమె చేతివైపు చూసి, తలపైనుంచి సూటుకేసు దించేశాడు. "అయితే ఎల్లండమ్మా. సామాను క్లోక్ రూములో పెట్టీత్తాను."

ఈ వాయుగుండంలో నాగబాబు బోటుని తలుచుకుంటే, ఎక్కడికెళ్ళాలో ఆమెకి ఒక్కటే తోచింది. ఆటో ఎక్కి ఫిషింగ్ హార్బరుకి వెళ్ళింది. జెట్టీ పొడుగునా బోట్లు ఒకదానికొకటి రాసుకుంటూ ఊగుతున్నాయి. వల తాళ్ళ కుప్ప మీద, లేత ఆకుపచ్చ చొక్కా తొడుక్కుని, చెయ్యి జేబులో పెట్టుకుని చిట్టమ్మ కూర్చుని ఉంది. వానకి చొక్కా పూర్తిగా తడిసిపోయింది. కనకరత్నాన్ని చూసి ఆమె ఆశ్చర్యపోలేదు.

"ఎల్లిపోనావనుకున్నాను" అంది.

"వెళ్ళలేదు. ఏమైంది?"

"వాయుగుండమంటే బోట్లన్నీ ఎనక్కి ఒచ్చీసినాయి. నాగబాబోల్లదే రానేదు. ఇంజనాగిపోనాదని ఎవులో అన్నారు. నిన్నటేల నుంచి ఫోను కలవట్లేదు." గడ్డంతో అవతల చూపించింది. అక్కడొక అమ్మాయి భర్త పక్కన నిలబడి వల మడత పెడుతోంది. "దాని మొగుడి బోటు పొద్దున్నొచ్చింది. వచ్చేదాకా అది జేబులోంచి సెయ్యి తియ్యనేదు. ఉన్నాడని దానికి తెలుసు. నాకేటి తెలుస్తాది? పోయినేడు పండక్కి నా కొడుకు కొంతానంటే నానే వద్దన్నాను. దండగరా అన్నాను."

కనకరత్నం ఆమె పక్కన తాళ్ళ మీద కూర్చుంది.

"పెట్లోంచి ఇది తీసేసుకున్నాను" అంది చిట్టమ్మ. "ఎవులి సెయ్యి పట్టుకోవాలో తెలీనేదమ్మా."

పక్కపక్కనే కూర్చున్నా చిట్టమ్మ జేబులోంచి చెయ్యి తియ్యలేదు. కనకరత్నం తియ్యమనలేదు. తన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఆ పట్టుని అలాగే భరించింది. వేళ్ళు తిమ్మిరెక్కాయి. కాసేపటికి ఎడమచేత్తో ఫోను తీసి, ఓడల రాకపోకలు చూసే సెక్షన్లో పనిచేసే అర్జునరావుకి చేసింది. ఈ నాలుగేళ్ళలో ఆఫీసువాళ్ళెవరికీ ఆమె సొంతపని మీద ఫోన్ చెయ్యలేదు.

"అర్జునరావుగారూ, నేను కనకరత్నాన్ని."

"మేడమ్, మీరా? ఊరెళ్ళిపోయారన్నారే."

"ఒక బోటు రాలేదండి. మా చిట్టమ్మ కొడుకుది. బయట నిలబడ్డ ఓడల్లో ఎవరికైనా కనపడిందేమో అడుగుతారా?"

అతను బోటు పేరు, రంగు అడిగాడు. చిట్టమ్మ చెప్తుంటే కనకరత్నం ఫోనులోకి చెప్పింది. "ఇప్పుడే వైర్లెస్‌లో అడుగుతాను. మీరు ఫోను దగ్గరే ఉండండి" అన్నాడు.

ముసురు ఆగి మళ్ళీ మొదలైంది. ఎవరో టీ తెచ్చిచ్చారు. చిట్టమ్మ ఎడమచేత్తో పట్టుకుంది గానీ తాగలేదు. టీ చల్లారిపోయాక అర్జునరావు ఫోన్ చేశాడు. లోపలికి రావడానికి వేచి ఉన్న బొగ్గు ఓడవాళ్ళకి దక్షిణంగా ఒక బోటు కనపడిందట. చొక్కాలు ఊపుతున్నారట. కోస్ట్ గార్డువాళ్ళు తాడుకట్టి లాక్కొస్తున్నారు.

"మనుషులో?" అంది కనకరత్నం.

"అందరూ నిలబడే ఉన్నారంట మేడమ్."

ఆమె ఆ మాట చిట్టమ్మకి చెప్పింది. చిట్టమ్మ సముద్రం వైపు చూస్తూనే తలూపింది. పట్టు మాత్రం వదల్లేదు. చీకటిపడే వేళకి బోటు హార్బరు ముఖద్వారంలోకి వచ్చి, ముందు నిలబడ్డవాడి భుజాలు గుర్తుపట్టేంత దగ్గరయ్యాక వదిలింది. లేచి జనాన్ని తోసుకుంటూ వెళ్ళింది. దిగుతున్న నాగబాబు చొక్కా కాలరు పట్టుకుని, "ఏటిరా, ఇంతసేపా?" అంది, వాడేదో బజారు నుంచి ఆలస్యంగా వచ్చినట్టు. ఆ తరవాతే ఏడ్చింది.

కనకరత్నం తాళ్ళ మీదే ఉండిపోయింది. చెయ్యి తేలికైపోయి, చలేసింది. ఇక తన పని అయిపోయింది, రాత్రికి ఇంకో రైలుంటుంది అనుకుంటూ ఫోను తీసింది. అప్పటికే గవర్రాజు నాలుగైదుసార్లు చేసినట్టున్నాడు. మళ్ళీ మోగింది.

"రైలెక్కావా అక్కా?"

ఆమె జవాబు చెప్పేలోపు జనంలోంచి చిట్టమ్మ వెనక్కి తిరిగింది. కొడుకుని ఒక చేత్తో పట్టుకునే ఉంది. అటూ ఇటూ వెతికి, తాళ్ళ కుప్ప మీద ఉన్న మనిషిని చూసి కేకేసింది.

"అమ్మా, నువ్వొక్కర్తివీ అక్కడేటి సేత్తన్నావ్? వచ్చీ. ఇంటికెల్లి అన్నం వండాల."

"వస్తున్నా" అంది కనకరత్నం.

"ఎవరితో మాట్లాడుతున్నావ్? రైల్లోనేనా నువ్వు?" అన్నాడు గవర్రాజు.

"లేదురా. ఇవాళ రావడంలేదు. నేను తీరిగ్గా చేస్తాను."

అతను ఇంకేదో అంటుండగానే పెట్టేసింది. చిట్టమ్మ, నాగబాబు ఆమె కోసం లైటు స్తంభం కింద ఆగారు. ఆమె వాళ్ళవైపు నడుస్తూనే ఇంకో నంబరు నొక్కింది.

"తవిటమ్మగారూ, నేనండీ, కనకరత్నాన్ని. ఆ పోర్షన్ ఎవరికైనా ఇచ్చేశారా?"

"ఇంకా లేదమ్మా. రేపు బోర్డు రాయిద్దామనుకుంటన్నాను."

"రాయించకండి" అంది కనకరత్నం.